గీత దాటిన రాత్రి

నా కాలి పుండు ఏదో ట్యూబు రాస్తే మానిపోయిందని మా చుట్టాల్లో ప్రచారం. పేరు చెప్పమని ఫోన్లు కూడా చేస్తున్నారు. రాసినవి రెండు. అందులో ఒకటి నన్ను ముంచబోయింది.

గేటు రేకు గీరుకుని పిక్క మీద తెగింది. నాకు షుగర్ ఉంది. టీటీ ఇంజెక్షన్ వెంటనే చేయించుకున్నాను. తోటికోడలు గడ్డిచామంతి పసరు పిండుతానంటే వద్దన్నాను. చుట్టూ ఎర్రబడేసరికి మా ఆయన మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చారు. రాయగానే ఎరుపూ సలుపూ తగ్గాయి. తగ్గవా మరి, అందులో ఉన్నది బీటామెథసోన్, స్టెరాయిడ్! పైకి వాపు అణిగింది, లోపల చీము పెరిగింది. షాపులో కుర్రాడు "షుగర్ ఉందా" అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఏం పోయేది? ఆ దారిన వెళ్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బీపీ చూడ్డానికి వచ్చిన నర్సమ్మ కట్టు విప్పించింది. బాల్‌పెన్ను తీసి ఎరుపు అంచు వెంబడే గీత గీసింది. "పొద్దున్నే పీహెచ్‌సీకి వెళ్ళండమ్మా. ఈలోపు ఇది దాటిందా, తెల్లారేదాకా ఆగొద్దు" అంది.

ఆ రాత్రే దాటింది. కరెంటు లేదు. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగదు, గజ్జల్లో బిళ్ళ కట్టింది. మా ఆయన సెల్లు లైటు వేసి చూస్తే ఎరుపు మోకాలి వైపు పాకుతోంది. ఆయన నోట మాట లేదు. అత్తయ్య మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుంటోంది. నా చెవులు మాత్రం 108 సైరన్ మీదే ఉన్నాయి.

షుగర్ 340. సెల్యులైటిస్ అన్నారు, అంటే చర్మం లోపలి పొరల్లో ఇన్‌ఫెక్షన్. చీము తీశారు, ఏ క్రిమో తేల్చడానికి కల్చర్‌కి పంపారు, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. అవన్నీ మర్చిపోతాను గానీ, రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు ఫోన్లోంచి తలెత్తకుండా "షుగర్ కాలు కదా, ఉంచాలో తీసెయ్యాలో చూద్దాం" అన్న మాట మర్చిపోలేను. మా అమ్మాయి వరండాలో కూలబడిపోయింది. కాలు నిలిపిందీ ఆయన వైద్యమే, కాదనను. అయినా ఆ మాట అలా అనాలా?

ఇంటికొచ్చాక రోజూ కట్టు మార్చింది అమ్మాయే. లీటరు నీళ్ళు మరగకాచి చల్లార్చి, తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి కడిగేది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త కండని కూడా దెబ్బతీస్తుందని వద్దన్నారు. పైన డాక్టరు రాసిన 2 శాతం మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ట్యూబు పలచగా రాసి, గాజుగుడ్డ. చూడవచ్చినవాళ్ళంతా "గాలి తగలనివ్వండి, కట్టొద్దు" అనేవాళ్ళే. తేమగా ఉంటేనే చర్మం తొందరగా అల్లుకుంటుందని నర్సమ్మ చెప్పింది కాబట్టి ఎవరి మాటా వినలేదు. షుగర్ ఉన్నవాళ్ళు ట్యూబు కొనేముందు దాని మీద బీటామెథసోన్ లాగా "-సోన్" అని ముగిసే స్టెరాయిడ్ పేరేమైనా ఉందేమో చూసుకోండి.

వచ్చే నెల మోపిదేవి వెళ్తున్నాం, అత్తయ్య మొక్కు కదా. నర్సమ్మకి చీర పెట్టబోతే తీసుకోలేదు. బీపీ మాత్రలు మళ్ళీ మానేశానని చీవాట్లు పెట్టి వెళ్ళింది.