స్లీవ్ తర్వాత కంచం: ముందు గుడ్డు, చివర అన్నం

మన కంచంలో ముందు పడేది అన్నం. పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ దానికోసమే వస్తాయి. బరువు తగ్గే (బేరియాట్రిక్) ఆపరేషన్ తర్వాత తలకిందులు కావలసింది సరిగ్గా ఈ వరసే. అందులో ఒక రకమైన స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ కప్పు. ఆ కప్పును అన్నంతో నింపేస్తే ప్రొటీన్‌కి చోటు మిగలదు. నాకు చేసింది స్లీవ్ కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను. ఇంకో రకం బైపాస్, గుండెది కాదు, జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి చిన్నపేగుకి అతికేది. అందులో తేడా ఉన్నచోట ఆ మాట చెప్తాను.

తిండి మార్పు ఆపరేషన్‌కి రెండు వారాల ముందే మొదలవుతుంది. ఆ రెండు వారాలు రోజుకి 800 నుంచి 1000 కేలరీలే, పిండిపదార్థాలు బాగా తక్కువ. ఇది బరువు తగ్గించడానికి అనుకుంటారు చాలామంది. అసలు సంగతి లివర్. ఊబకాయం ఉన్నవాళ్లలో లివర్ కొవ్వుతో ఉబ్బి ఉంటుంది, దాని ఎడమ భాగం జీర్ణాశయం పైభాగాన్ని కప్పేస్తుంది. సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పనిచేయాలి. అన్నం, చక్కెర మానేస్తే లివర్‌లో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర, దాన్ని పట్టుకుని ఉన్న నీరు ముందు ఖర్చవుతాయి, తర్వాత కొవ్వు కరుగుతుంది. లివర్ చిన్నదై మెత్తబడుతుంది. "ఇక ఎలాగూ తినలేను కదా" అని ముందురోజుల్లో కడుపునిండా బిర్యానీ తింటే పాడయ్యేది ఇదే.

ఆ రెండు వారాలు నా తిండి: పొద్దున, సాయంత్రం నీళ్లలో కలిపిన ప్రొటీన్ పొడి ఒక్కో స్కూపు, మధ్యాహ్నం 100 గ్రాముల చికెన్ లేదా చేపతో సొరకాయ, బీరకాయ, దోసకాయ లాంటి నీటి కూరలు, రాత్రి పొరటు రెండు గుడ్లు, మధ్యలో పలచటి మజ్జిగ. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ పథ్యాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. తిండి తగ్గగానే గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ పాత మోతాదులో ఉంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలైతే ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు, లేకపోతే షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి.

ఇంకో పని కూడా ముందే మొదలుపెట్టాలి: తినే పద్ధతి సాధన. చిన్న పళ్లెం, టీస్పూను, ఒక్కో ముద్దని ఇరవై ముప్పై సార్లు నమలడం, భోజనానికి ఇరవై నిమిషాలు, మధ్యలో నీళ్లు లేవు. చెంబు పక్కన పెట్టుకుని గుక్క గుక్కకీ ముద్ద దించే అలవాటు మనలో చాలామందిది. నమలకపోయినా నీళ్లే దించేస్తాయి కాబట్టి ఆ లోపం ఇన్నాళ్లూ తెలియదు. కొత్త గొట్టం దాన్ని ఒప్పుకోదు.

ఆపరేషన్ తర్వాత మొదటి పాఠం నీళ్లే. ముప్పై మిల్లీలీటర్ల చిన్న కప్పు, దగ్గు మందు మూతకంటే కొంచెం పెద్దది, పావుగంటకి ఒకటి. గంటకి 120 మిల్లీలీటర్లు, మెలకువగా ఉన్న పద్నాలుగు గంటల్లో 1680. రోజుకి లీటరున్నర అనే లెక్క అలా నిండుతుంది. ఒక గంట మర్చిపోతే తర్వాతి గంటలో రెట్టింపు తాగి సరిచేయడం కుదరదు, అందుకే ఫోనులో అలారం పెట్టుకోవాలి. మొదటి నెలలో మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే సాధారణ కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ఒకటి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగినా అదే గుర్తు.

మొదటి రెండు వారాలు ద్రవాలు, మూడో, నాలుగో వారాల్లో మిక్సీ పట్టినవి, అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మెత్తటివి, ఆ తర్వాత మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి కొన్ని రోజులు అటూ ఇటూ ఉంటుంది. ఈ గడువులు ఆకలిని బట్టి పెట్టినవి కావు, జీర్ణాశయాన్ని కోసినచోట మూయడానికి పిన్నులు వేసిన వరస మానడాన్ని బట్టి పెట్టినవి. నాలుగో రోజున ఇడ్లీ దిగినా దిగుతుంది, కానీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, కడుపునొప్పి పెరుగుతూ పోవడం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, వీటిలో ఏది కనబడినా అది గ్యాస్ అనుకుని పడుకోకూడదు. ఆ పిన్నుల వరస దగ్గర లీకు అయి ఉండొచ్చు, అదే గంటలో ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లాలి.

ద్రవాల దశలో మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు పప్పు తేట. "పప్పు నీళ్లు తాగింది, బలమే" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ప్రొటీన్ పప్పులో ఉంటుంది, తేటలో నామమాత్రం. చారు, కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు నీటి లెక్కలోకి వస్తాయి, ప్రొటీన్ లెక్కలోకి రావు. రాగి జావ కూడా అంతే, అది ప్రధానంగా పిండి. రోజుకి కావలసింది కనీసం 60 గ్రాముల ప్రొటీన్, చాలామందికి 60 నుంచి 80. అది ఈ దశలో ప్రొటీన్ పొడి లేకుండా పూర్తికాదు. పొడిని కూడా ఒక్కసారిగా తాగలేం: 200 మిల్లీలీటర్ల పాలలో ఒక స్కూపు కలిపి గంటసేపు కొంచెం కొంచెంగా తాగాలి. తీపి వెగటు పుడితే రుచి లేని రకం పొడిని గోరువెచ్చటి చికెన్ సూపులో కలుపుకోవచ్చు. మరిగే సూపులో వేస్తే ఉండకట్టి పిప్పిలా తేలుతుంది.

మిక్సీ దశలో నాకు బాగా దిగినవి: పెసరపప్పు మెత్తగా ఉడికించి రుబ్బి కొంచెం నెయ్యి, జీలకర్ర వేసింది, ముల్లు తీసిన చేపని పులుసుతో కలిపి మెదిపింది, పెరుగు, ఇంకా పాలు పోసి చిన్న మంట మీద వండిన గుడ్డు పొరటు. దిగనిది ఎండిపోయినట్టుండే కోడి రొమ్ము ముక్క. కోడిలో తొడ మాంసం, అదీ కీమాగా, తడిగా ఉండాలి. తడి లేని ఏ మాంసమైనా గొట్టంలో బిరడాలా నిలబడుతుంది.

నిలబడితే ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. రొమ్ముఎముక వెనక బరువు, నోట్లో ఊరే నురుగు లాంటి ఉమ్మి, తర్వాత కక్కు. ఆ క్షణంలో చేయి నీళ్ల మీదికి పోతుంది. తాగితే ఆ నీళ్లూ పైకే వస్తాయి. తినడం ఆపి, లేచి మెల్లగా నడవాలి, అరగంటలో చాలావరకు దిగిపోతుంది. నిండిన గుర్తు కూడా పాత చోట ఉండదు. పొట్ట బిగుసుకోవడం కాదు, ఒక ఎక్కిలి, ఒక తుమ్ము, ఉన్నట్టుండి ముక్కు కారడం. నాకు ముక్కే చెప్తుంది. అది వచ్చాక ఇంకో చెంచా తింటే కక్కు ఖాయం. "ఒక్క ముద్దే కదా" అని బతిమాలే అత్తయ్యలకి, పిన్నులకి ఈ సంగతి ముందే వివరంగా చెప్పి పెట్టుకోవడం మంచిది. వాళ్లది ప్రేమే, కానీ ఆ ఒక్క ముద్దకి ఇక్కడ చోటు లేదు.

అన్నంతో చిక్కేమిటంటే, మెత్తగా ఉడికినది కూడా గొట్టంలో ముద్దకట్టి కూర్చుంటుంది. మెత్తటి చపాతీ, బ్రెడ్డు, మందపాటి దోసె కూడా అంతే. కరకరలాడేలా కాల్చిన పలచటి పెసరట్టు వీటికంటే తేలిగ్గా దిగుతుంది, ప్రొటీన్ కూడా ఉంటుంది. మూడో నెలలో నా రోజు ప్రొటీన్ లెక్క ఇది: పొద్దున ఒక గుడ్డు, 6 గ్రాములు, పదకొండుకి పాలలో పొడి, 30, మధ్యాహ్నం 60 గ్రాముల చేప, 12, సాయంత్రం 50 గ్రాముల పనీర్, 9, రాత్రి చిన్న గిన్నెడు ముద్దపప్పు, 4. మొత్తం 61. ఇందులో పొడి తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. శాకాహారులకి చేప స్థానంలో నానబెట్టి నీళ్లు పిండేసి, మెత్తగా కొట్టిన మీల్‌మేకర్ ఒక దారి.

తోటకూర కాడలు, మునక్కాయ పిప్పి, కమలా తొనల మీది తెల్లటి పొర మొదటి ఆరు నెలలు వద్దు, పీచు ఉండకట్టి అడ్డుపడుతుంది. మునక్కాయ గుజ్జు పులుసులో తీసుకోవచ్చు. భోజనానికి ముందు అరగంట, తర్వాత అరగంట నీళ్లు లేవు. గ్యాసు డ్రింకులు ఎప్పటికీ వద్దు.

బైపాస్ వాళ్లకి అదనంగా తీపితో ప్రమాదం. బొబ్బట్టు, సున్నుండ తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమట, విరేచనం, దీన్ని డంపింగ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు రావడం దాని రెండో రూపం. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాళ్లు వేసుకోకూడదు, అతుకు దగ్గర పుండు పడుతుంది.

మాత్రలు జీవితాంతం ఉంటాయి. మల్టీవిటమిన్, విటమిన్ డి, బి12, ఇనుము, కాల్షియం. కాల్షియం సిట్రేట్ రూపంలో తీసుకుంటే మేలు, కార్బొనేట్‌కి కడుపులో ఆమ్లం కావాలి, అదిప్పుడు తక్కువ. రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కోసారి 500 మించకుండా. ఇనుముకీ కాల్షియానికీ రెండు గంటల ఎడం, ఇనుము పక్కన టీ, కాఫీ వద్దు. అన్నిటికంటే అత్యవసరమైంది బి1, అంటే థయమిన్. రెండు మూడు రోజులు మించి వాంతులు సాగితే ఒంట్లో థయమిన్ నిల్వ తరిగిపోయే ప్రమాదం ఉంది. కళ్లకి రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పడం దాకా వెళ్తుంది. వాంతులతో దగ్గరలోని చిన్న క్లినిక్‌కి వెళ్తే, గ్లూకోజు బాటిల్ పెట్టే ముందు "నాకు బేరియాట్రిక్ ఆపరేషన్ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని నోరు తెరిచి అడగాలి. థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలుతుంది, దువ్వెన నిండా వస్తుంది. వేగంగా బరువు తగ్గడం వల్ల వచ్చేదే, ప్రొటీన్, ఇనుము సరిగా ఉంటే తిరిగి మొలుస్తుంది. పిత్తాశయంలో రాళ్లు రాకుండా చాలాచోట్ల ఆరు నెలలు అర్సోడియాక్సికోలిక్ ఆసిడ్ ఇస్తారు. రక్తపరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకి, ఆ తర్వాత ఏడాదికోసారి. గర్భం ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా వాయిదా వేయమంటారు. ఈ మొదటి ఏడాది నీళ్లు కూడా తాగని ఉపవాసాలు మానుకోవాలి.

రెండో ఏట ఆకలి తిరిగి వస్తుంది. అప్పుడు బరువు పెంచేది అన్నం కాదు, జారిపోయే తిండి: జంతికలు, మిక్స్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీము. నోట్లోనే పిండైపోతాయి, గొట్టంలో నిలవవు, ముక్కు కారదు, ఎంతైనా దిగుతాయి. సాయంత్రం టీతో రెండు జంతికలు కాస్తా డబ్బా దాకా పోయేది అందుకే. ఆ వేళకి నేను వేయించిన శనగలు గుప్పెడు పెట్టుకుంటాను, నమలకుండా దిగవు, రెండు చెంచాలకే నిండినట్టుంటుంది.

ఇప్పుడు నా మధ్యాహ్నం కంచంలో ముందు చేప, తర్వాత బీరకాయ కూర, చివర్లో చోటుంటే నాలుగు చెంచాల అన్నం, అందులో ఆవకాయ పిసరంత. కొన్ని రోజులు అన్నం దాకా రానే రాను.