సోమశిల వలలో సక్కర్ చేప

సంక్రాంతి పోయాక వచ్చిన రెండో శనివారం తెల్లవారుజామునే నల్గొండలో బండెక్కాం, నేనూ మా బామ్మర్దీ. సోమశిలలో కృష్ణ ఒడ్డున కూర్చొని చేపల వేపుడు తినాలని వాడి కోరిక. ఆ చేపల్ని బతికుండగా చూడాలని నాది. ఇద్దరి దారీ ఒకటే కాబట్టి పేచీ రాలేదు.

నా సామాను చూసి మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమెకు అలవాటే. చిన్న చేతివల, గట్టి మూతల ప్లాస్టిక్ డబ్బాలు రెండు, జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటర్. ఇంట్లో తొమ్మిది చేపల ట్యాంకులున్నాయి. గప్పీలు, మోలీలు, రెండింటిలో ఏంజెల్స్. మా బోరు నీళ్ళలో మీటర్ ముంచితే 1,100 దాటుతుంది. నల్గొండ నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టారు, అదీ మా కీర్తి. అయితే ఫ్లోరైడ్ సంగతి ఈ మీటర్ చెప్పదు. కరిగిన లవణాలన్నీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది, అంతే.

గప్పీలకు, మోలీలకు ఈ ఉప్పు నీళ్ళంటే పండగే. నెల తిరిగేసరికి ట్యాంకు నిండా పిల్లలు. తంటా అంతా ఏంజెల్స్‌తోనే. అవి అమెజాన్ వైపు లవణాలు తక్కువున్న నీళ్ళలో పుట్టిన జాతి. వెడల్పాటి ఆకు మీద వరుసగా గుడ్లు పెట్టి, ఆడదీ మగదీ వంతులేసుకొని రెక్కలతో విసురుతూ కాపలా కాస్తాయి. రెండో రోజుకల్లా సగం గుడ్లు తెల్లబడి బూజు పడతాయి. ఆర్వో నీళ్ళు కలిపితే కొంత నయం.

“కృష్ణ నీళ్ళు మీటర్లో ఎంత చూపిస్తాయో చూడాలిరా” అన్నాను దేవరకొండలో టీ తాగుతూ.

“మన నల్లాల వచ్చేది గవే గద బావా?”

నిజమే. సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన నీళ్ళు పానగల్లు ఉదయసముద్రానికి చేరి, అక్కణ్నుంచి ఊళ్ళోకి వస్తాయి. దీని కోసం ఇంత దూరం పోనక్కర్లేదు. “అందులో క్లోరిన్ ఉంటదిలే” అని మాట దాటేశాను.

డిండి దాటి అచ్చంపేట వైపు తిరిగాం. ఆ పక్కనే అమ్రాబాద్ పులుల అడవి. అందులో ఆకు కూడా తెంపకూడదు. అందుకని ట్యాంకుల్లో వేసే నీటి మొక్కల కోసం నా వెతుకులాటంతా ఊళ్ళ మధ్య కుంటల్లోనే. నాలుగు కుంటల్లో గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు. ఐదోది చేల మధ్య చిన్న కుంట. అడుగు ఇసుక కనపడేంత తేట నీళ్ళు. మోకాళ్ళ లోతులో పచ్చటి రిబ్బన్లు పరిచినట్టు వాలిస్నేరియా! షాపులో మొక్కకింతని లెక్కపెట్టి అమ్మేది ఇక్కడ బర్రెలు తొక్కుతున్నాయి.

అది పూత మీదుంది. ఇన్నేళ్ళుగా పెంచుతున్నా నేను ఆ పూత చూడటం అదే మొదలు. ఆడపువ్వు దారం లాంటి పొడుగాటి కాడ మీద నీటి మట్టం దాకా వచ్చి తేలుతుంది. మగపూలు మొక్క మొదట్లో, నీటి అడుగున పుడతాయి. పండాక తెగిపోయి, ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి నలుసుల్లా పైకి లేస్తాయి. ఆడపువ్వు బరువుకు నీటి పైపొర కాస్త గుంట పడి ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన నలుసులు ఆ గుంటలోకి జారిపోతున్నాయి. పని అయ్యాక కాడ స్ప్రింగులా చుట్టుకొని పువ్వును కిందికి లాగేసుకుంటుంది, కాయ నీటి అడుగునే పండుతుంది. వేపుడు గోలలో ఉన్న బామ్మర్ది కూడా వంగి, ఫోను కెమెరా పెద్దది చేసుకొని చూశాడు.

“ఏం దేవులాడుతున్రు సారూ?” బర్రెల్ని తోలుకొచ్చిన అవ్వ అడిగింది.

“నాచు అవ్వా.”

“బర్లకా?”

“ఇంట్లో చేపలకు.”

“మంచిగుంది తియ్ మీ పని” అని నవ్వుకుంటూ పోయింది.

రెండు వాలిస్నేరియా మొక్కలు వేళ్ళతో సహా తీశాను. ఒక గుప్పెడు హైడ్రిల్లా కూడా, అదే మన నాచు. గప్పీ పిల్లలు దాక్కోవడానికి దాన్ని మించింది లేదు. 1950ల్లో ఇదే మొక్క అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది. ట్యాంకుల్లోంచి కాలువల్లోకి పడి, పడవల పంకాలకు చుట్టుకునేంతగా అల్లుకుపోయింది. మన కుంటలో బర్రె మేసే గడ్డి అక్కడ పెద్ద పీడ.

నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ దాటి సోమశిల చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్ళు అక్కడ సముద్రంలా ఉంటాయి. అవతలి ఒడ్డు వైపు సంగమేశ్వరం గుడి ఇంకా మునిగే ఉంది, ఎండలు ముదిరి నీరు దిగితే తప్ప కనపడదు. సోమేశ్వరుడికి దండం పెట్టుకొని నేరుగా నీళ్ళ దగ్గరికి పోయి మీటర్ ముంచాను. 290. అంతకంటే తక్కువ వస్తుందని ఆశపడ్డాను గానీ మా బోరు ముందు ఇది కొబ్బరి నీళ్ళే.

ఒడ్డున ఒక పెద్దాయన పుట్టి బోర్లించి, వల విదిలించి చేపల్ని ఏరుతున్నాడు. పెద్దవి ఒక గంపలోకి, పనికిరానివి ఇసుక మీదికి. ఆ పనికిరాని కుప్ప దగ్గరే నేను గొంతుక్కూర్చున్నాను. అందులో నా బొటనవేలంత చేప ఒకటి, ఇంకా మూతి ఆడిస్తోంది. అరచేతిలో పెట్టుకుంటే నా చేతి గీతలు దాని ఒంట్లోంచి కనపడుతున్నాయి. వెన్నెముక దువ్వెనలా ఉంది, పొట్ట దగ్గర వెండి సంచి లాంటిది మెరుస్తోంది. షాపుల్లో గ్లాస్ ఫిష్ అంటారు. ఈ అందం చాలదని కొందరు సూదితో రంగు ఎక్కించి ఎరుపు, ఆకుపచ్చ చేసి అమ్ముతారు. కొన్ని నెలల్లో ఆ రంగు వెలిసిపోతుంది, చేప అప్పటిదాకా బతికితే. నేను కూడా మొదట్లో ఆరు కొన్నాను, అవి పుట్టుకతోనే ఆ రంగు అనుకొని. పెద్దాయన్ని అడిగి దీన్ని నీళ్ళలో వదిలేశాను. ఒక్క క్షణం పక్కకు ఒరిగి, తర్వాత మాయమైంది.

అప్పుడు చూశాను, కుప్ప పక్కన విడిగా పడేసి ఉన్నదాన్ని. మూరకు కొంచెం తక్కువ. ఒళ్ళంతా ఎముక పలకలు, వాటి మీద చిరుత మచ్చలు, తెరచాపలాంటి వీపు రెక్క, కింది వైపు గుండ్రటి నోరు.

“ఇదెక్కడిది అన్నా?”

“దయ్యం చేప సారూ. కత్తి దిగది, కూరకు రాది. ఒక్కటి పడితే వల కుట్టుకునుడే దినమంత. గట్టు మీదేస్తే ఎంత సేపటికీ సావది. గాలి తాగి బతుకుతది.”

దాని పేరు నాకు బాగా తెలుసు. మూడంగుళాల పిల్లగా ఉన్నప్పుడు ‘సక్కర్, అద్దం మీది పాకుడు నాకుతుంది’ అని అమ్ముతారు. దక్షిణ అమెరికా చేప. అడుగు దాటాక పాకుడు సంగతి మరిచి మొక్కల్ని పీకుతుంది. ఆరేళ్ళ క్రితం నా దగ్గరా ఒకటి అలాగే పెరిగింది. కొన్న షాపు వాళ్ళు వెనక్కి తీసుకోలేదు. “చెరువుల వదిలెయ్ సార్, అందరూ గంతే” అన్నారు. ఒక సాయంత్రం బకెట్‌లో తీసుకుపోయి పానగల్లు చెరువులో వదిలాను. పుణ్యం చేసినట్టు ఫొటో కూడా తీసుకున్నాను.

పానగల్లు నుంచి సోమశిలకు ఎదురీదాలంటే చేప ఎంత లేదన్నా రెండు డ్యాములు ఎక్కాలి. కాబట్టి ఇది నాది కాదు. ఈ లెక్క మనసులో మూడుసార్లు వేసుకున్నాను. పెద్దాయన మాత్రం చిరిగిన వల కన్నుల్ని వేళ్ళతో కొలుచుకుంటూ పోతున్నాడు. “ఇవి యాడికెల్లొచ్చినయో ఏమో” అన్నాడు. నేను నోరు విప్పలేదు. వేపుడు బాగుందని బామ్మర్ది అన్నాడు, బాగుండే ఉంటుంది.

ఇంటికొచ్చి వాలిస్నేరియా నాటాను, నాచును గప్పీ పిల్లల ట్యాంకులో వేశాను. నిజానికి కుంటల్లోంచి తెచ్చిన మొక్కను పటిక నీళ్ళలో నానబెట్టి, వారం పదిరోజులు విడిగా బకెట్‌లో ఉంచాలి. కొత్తవాళ్ళకు ఈ ముక్క చెప్పేది నేనే. ఆ రాత్రి అలసిపోయి ఉన్నాను.

ఎనిమిదో రోజుకు నలభై పిల్లల్లో తొమ్మిది మిగిలాయి. చచ్చినవి కనపడవు, నీళ్ళు బాగానే ఉన్నాయి. రాత్రి టార్చ్ వేసి కూర్చున్నాను. నాచు కాడను పట్టుకొని బురద రంగు పురుగు, ఆరు కాళ్ళు, కదలిక లేదు. ఒక పిల్ల దగ్గరికొచ్చింది. పురుగు మొహం కింద మడిచి ఉన్న కింది పెదవి చెయ్యిలా చాచుకొచ్చి, పిల్లను పట్టి, మళ్ళీ మడుచుకుంది. తూనీగ పిల్ల.

చెంచాతో తీసి బకెట్‌లో వేసి బామ్మర్దికి ఫోన్ చేశాను. “పానగల్లు చెరువుల వదిలెయ్ బావా, అందరూ గంతే” అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

బకెట్ మిద్దె మీద పెట్టాను. దోమ పిల్లలు వేస్తున్నాను, తింటోంది. పైకెక్కడానికి ఒక కందిపుల్ల నిలబెట్టాను. పక్కన మా ఆవిడతో పోట్లాడి కొన్న కొత్త సిమెంటు తొట్టి ఉంది. మోలీల ట్యాంకులో ఇంకో సక్కర్ ఇప్పటికే ఏడంగుళాలైంది.