శ్రీకాకుళంలో మబ్బు పట్టిన రోజు

పొద్దున్నుంచి నాగావళి మీద మబ్బు కమ్ముకునే ఉంది. మధ్యాహ్నంలోపే కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. 2018లో తిత్లీ తుపాను చూసిన జిల్లాకి ఇదొక లెక్క కాదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఆగేది రూటర్. ఆన్‌లైన్‌లో రాసేవాళ్లకి చేటు అక్కడే.

పేజీలో గడి ఉంటుంది చూడండి, అందులో కొట్టిన తెలుగు చాలా సైట్లలో ఆ ట్యాబు మెమరీలో తప్ప ఇంకెక్కడా ఉండదు. నెట్ లేనప్పుడు పంపితే ఎర్రర్ వస్తుంది. వెంటనే రీఫ్రెష్ కొట్టడం అందరికీ అలవాటు. అదే కొంప ముంచుతుంది. నెట్ వచ్చేదాకా ఆగి, వెనక్కి బాణం నొక్కి చూడాలి. ఒక్కోసారి రాసింది అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఖాళీ గడి వెక్కిరిస్తుంది. లాగిన్ గడువు తీరిపోవడం ఇంకా దొంగదెబ్బ. గంటసేపు తీరిగ్గా టైపు చేస్తుంటే ఆ సంగతి సర్వర్‌కి తెలీదు, మనిషి లేడనుకుని తలుపేసేస్తుంది.

అందుకే పంపేముందు కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి రాసిందంతా కాపీ చేసుకోవాలి. దాని మీద ఇంకోటి కాపీ చేస్తే మొదటిది పోతుంది గనక విండోస్ మీట పట్టుకుని వీ నొక్కి, క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసి ఉంచాలి. చివరి 25 కాపీలు నిలుస్తాయి. మెషీన్ ఆగి మళ్లీ లేస్తే మాత్రం పిన్ చేసినవే మిగులుతాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి ఇది పెద్ద చిల్లే.

పెద్ద రాతైతే నోట్‌ప్యాడ్‌లోనే మొదలెట్టడం నయం. పాత విండోస్‌లో సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) దగ్గర ఏఎన్ఎస్ఐ అని ఉంటే యూటీఎఫ్-8కి మార్చాలి. మార్చకపోతే హెచ్చరిక వస్తుంది, చదవకుండా ఓకే కొడతారు. ఫైలు మూసి తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాల వరస. ఇక ఆ అక్షరాలు తిరిగిరావు.

ఫోన్‌లో ర్యామ్ తక్కువైతే మధ్యలో కెమెరా తెరిచినా చాలు, వెనక ట్యాబు మళ్లీ లోడై గడి ఖాళీ. వాట్సాప్‌లో మనకి మనమే పంపుకునే చాట్‌లో పేరా పేరా పడేసుకోవచ్చు. గూగుల్ డాక్స్ కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్‌గా పనిచేయాలంటే నెట్ ఉండగానే ఆ సెట్టింగు పెట్టుకోవాలి.

సాయంత్రం ఆరు. మళ్లీ కరెంటు పోయింది. రూటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ, చాలావాటికి 12, సరిచూసుకుని కొనాలి. వీధి చివర కేబుల్ పెట్టెకి కూడా కరెంటు లేకపోతే అదీ దండగే.