గ్రీడీ దగ్గరే నా లెక్క మారింది

రిజల్ట్ వచ్చింది, ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ కంప్యూటర్ సైన్స్‌లో అనుకున్నదానికంటే మంచి ర్యాంకే! ఎలా చదివావని అడుగుతున్నవాళ్లందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా. ఓఎస్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ అందరిలాగే చదివాను, పాత పేపర్లు చేశాను, అంతే. తేడా వచ్చింది అల్గారిథమ్స్‌లో, అదీ గ్రీడీ దగ్గర, అంటే ప్రతి అడుగులో అప్పటికి మేలనిపించేదే ఎంచుకుంటూ పోయే పద్ధతి.

ఫైళ్లు కలిపే లెక్క మీకు తెలిసిందే. రెండు కలిపితే వాటి సైజుల మొత్తమే ఖర్చు, అన్నీ ఒక్కటయ్యేసరికి ఆ ఖర్చు వీలైనంత తక్కువ కావాలి. 4, 4, 6, 6 తీసుకోండి. ఒకసారి సార్ట్ చేసి వరసగా కలుపుకుంటూ పోతే 8, 14, 20, మొత్తం 42. అదే ఆ 8ని మళ్లీ మిగతావాటిలో వేసి చూస్తే ఇప్పుడు అన్నిటికన్నా చిన్నవి రెండు 6లు కదా, అవి కలిపితే 12, ఆఖర్న 20, మొత్తం 40. అందుకే సార్టింగ్ ఒక్కటే చాలదు, ఎప్పుడడిగినా అన్నిటికన్నా చిన్నదాన్ని తీసిచ్చే మిన్ హీప్ కావాలి. డేటాను కుదించడానికి 1952లో వచ్చిన హఫ్‌మన్ కోడింగ్ వెనక ఉన్నదీ ఇదే.

ఇంతవరకూ అందరికీ వచ్చు. ఎందుకు పనిచేస్తుందో పట్టుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది. ఒక ఫైలు ఎన్నిసార్లు కలుపులోకి వస్తే అన్నిసార్లు దాని సైజు ఖర్చులో పడుతుంది, ఆఖరి ఫైలు పైన ఉండేలా ఈ కలుపులన్నీ చెట్టులా గీస్తే, ఆ ట్రీలో దాని లోతు అంటే అదే. కాబట్టి పెద్దది అడుగున, చిన్నది పైన ఉంటే వాటిని తారుమారు చేయండి, ఖర్చు తగ్గుతుంది. ఎక్స్‌చేంజ్ ఆర్గ్యుమెంట్ అని భయపెట్టేది ఇంతే.

ఇప్పుడు అవే అంకెలు 6, 4, 4, 6 అని వరసలో పెట్టి, పక్కపక్కనున్నవే కలపాలన్నారనుకోండి. గ్రీడీ ఆశగా మధ్యలోని 4, 4 పట్టుకుంటుంది, 42 దగ్గర ఇరుక్కుంటుంది. అటు రెండు, ఇటు రెండు కలిపితే 10, 10, 20, మొత్తం 40. ఒక్క షరతు మారేసరికి తారుమారు చేసే వీలే పోయింది, ఇక డీపీ (డైనమిక్ ప్రోగ్రామింగ్, అంటే చిన్న భాగాల జవాబులు దాచుకుని వాటితో పెద్దది కట్టడం) వైపు వెళ్లాలి.

ఒక్క టాపిక్ మీద ఇన్ని రోజులా, మాక్ టెస్టులు రాసుకోక అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. రాశాను, మానలేదు. కానీ తప్పు ఎక్కడ పోయిందో చూడకుండా మాక్ మీద మాక్ రాసి స్కోర్లు స్క్రీన్‌షాట్ తీసుకునేదాన్ని చదువు అనను, కోపం వచ్చినా సరే. రోజూ కూర్చోవాలి, ఫోన్ పక్కన పెట్టాలి, మూడ్ లేదనే మాట వద్దు.

1, 3, 4 నాణేలతో 6 చెల్లించాలి, నాణేలు వీలైనన్ని తక్కువ వాడాలి. ముందు గ్రీడీగా చేయండి, తర్వాత ఏ షరతు దగ్గర దెబ్బతిందో రాసుకోండి.