పచ్చిమిర్చి వేసిన యాపిల్ పై, ఈ ఆదివారం

పొద్దున్నే వేడిగాలి బెలూన్ల చప్పుడుకి మెలకువ వచ్చేసింది. అక్టోబర్ కదా, మా అల్బుకర్కీలో బెలూన్ ఫియెస్టా, అంటే మనుషులు ఎక్కి ఎగిరే ఆ బెలూన్ల పండగ, నడుస్తోంది, మా ఇంటి మీదుగా వెళ్తుంటే ఆ బర్నర్ బుస్సుమనే శబ్దం కిటికీలు మూసి ఉన్నా వినిపిస్తుంది. ఇంకెలాగూ నిద్ర పట్టదని లేచి, కాఫీ పెట్టుకుని, ఫ్రీజర్‌లోంచి కాల్చిన గ్రీన్ చిలీ (ఇక్కడి పచ్చిమిర్చి) ప్యాకెట్ ఒకటి తీసి బయట పెట్టా. వారం నుంచీ అనుకుంటున్నా యాపిల్ పై (మైదా పొరలో యాపిల్ ముక్కలు పెట్టి బేక్ చేసే స్వీటు) చెయ్యాలని, మామూలుది కాదు, ఇక్కడ న్యూ మెక్సికోలో పచ్చిమిర్చి వేసి చేస్తారే, అది.

నేను దాన్ని మొదటిసారి తిన్నది పై టౌన్‌లో. ఊరి పేరే అది, రూట్ 60 హైవే మీద, కాంటినెంటల్ డివైడ్ (నదుల నీళ్ళు తూర్పుకీ పడమరకీ విడిపోయే కొండల గీత) పక్కనే, దాదాపు 7,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. 1920ల్లో అక్కడ ఒకాయన ఎండు యాపిల్స్‌తో పైలు చేసి అమ్మడం మొదలుపెడితే ఆ పేరే ఊరికి నిలిచిపోయిందట. ఆ రోజు మొదటి ముద్దలో నాకు మిర్చి తెలియనే లేదు, తీపి, పులుపు, దాల్చినచెక్క అంతే, మింగాక గొంతులో చిన్న వెచ్చదనం మొదలై మెల్లగా పైకి వచ్చింది, దాంతోపాటు కాల్చిన వాసన. ఆ వాసన కోసమే ఇదంతా.

కిందటేడు చేసినప్పుడు అడుగు క్రస్ట్, అంటే కింది మైదా పొర, మొత్తం మెత్తగా ముద్దయిపోయింది. ఎందుకో తెలియక చాలా బాధపడ్డా, పక్కింటి పెద్దావిడకి చెప్తే ఒక్కటే అడిగింది, చిలీని పిండావా అని. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే, ఇంకేం చెప్పలేదు. పిండలేదు మరి. కరిగిన చిలీలో ఎన్ని నీళ్ళు ఉంటాయో ఇవాళ చూశా, పల్చటి గుడ్డలో పెట్టి పిండితే అర కప్పు ముక్కలకి మూడు స్పూన్ల పైనే వచ్చింది, ఆకుపచ్చగా. ఆ నీళ్ళన్నీ పోయినసారి నా క్రస్ట్ తాగేసిందన్నమాట.

ఇవి హాచ్ చిలీ, ఈ రాష్ట్రంలోనే హాచ్ అనే ఊరి వైపు పండేవి. ఆగస్టు, సెప్టెంబర్లలో సూపర్ మార్కెట్ల బయట జాలీ డ్రమ్ముల్లో వేసి, కింద గ్యాస్ మంట పెట్టి గిర్రున తిప్పుతూ కాలుస్తారు, పార్కింగ్ లాట్ దాకా ఆ వాసన వస్తుంది, ఇక్కడివాళ్ళకి సీజన్ మారిందని తెలిసేది దానితోనే. మేమూ ఒక సంచీ కాల్పించుకుని, వేడి మీదే మూత పెట్టి మగ్గనిచ్చి, ప్యాకెట్లు కట్టి దాచుకుంటాం. పైన నల్లగా మాడిన తొక్క పల్చటి కాగితంలా ఊడొస్తుంది, అక్కడక్కడా వేళ్ళకి అంటుకుపోతుంది, ట్యాప్ కింద కడిగేస్తే పని తొందరగా అయిపోతుంది కానీ కాల్చిన రుచి కూడా కొట్టుకుపోతుంది, అందుకే చేత్తోనే ఒలిచా. గింజలు, లోపలి తెల్ల పొర తీసేశా, ఘాటంతా ఎక్కువ ఆ పొరలోనే ఉంటుంది. మా అమ్మాయి వచ్చి తొంగి చూసి "అమ్మా, కారం ఎక్కువ వెయ్యకు ప్లీజ్, అది స్వీటు" అనేసి వెళ్ళింది. పిండిన ముక్కల్ని ఉత్తి పెనం మీద రెండు నిమిషాలు తిప్పా, తడి ఆరేదాకా.

యాపిల్స్ ఏడు, గ్రానీ స్మిత్. పులుపు ఉండాలి, లేకపోతే మిర్చి పక్కన తీపి చప్పగా అనిపిస్తుంది. పల్చగా తరిగి ముప్పావు కప్పు చక్కెర, కాస్త ఉప్పు, దాల్చినచెక్క పొడి కలిపి గంట వదిలేస్తే అడుగున బోలెడు రసం ఊరింది, దాన్ని వంపి పొయ్యి మీద సగానికి మరగబెట్టి మళ్ళీ అందులోనే పోశా, చిలీ ముక్కలూ రెండు స్పూన్ల కార్న్‌స్టార్చ్ కూడా కలిపేశా. మా ఊరు 5,300 అడుగుల ఎత్తు, నీళ్ళు 95 డిగ్రీల సెల్సియస్ లోపే మరిగిపోతాయి, అందుకే లావు ముక్కలు ఎంతసేపు ఉంచినా మధ్యలో గట్టిగానే ఉండిపోతాయి. పల్చగా తరిగింది అందుకే.

క్రస్ట్ కోసం రెండున్నర కప్పుల మైదా, రెండు స్టిక్స్ (ఒక కప్పు) చల్లటి వెన్న, కప్పు తురిమిన చెడ్డార్ చీజ్. వెన్న బఠాణీ గింజలంత ముక్కలుగా కనిపిస్తూ ఉండాలి, మరీ కలిసిపోతే పొరలు రావు. ఇక్కడి గాలి బాగా పొడి, పిండి కూడా ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఆరు స్పూన్ల నీళ్ళు సరిపోలేదు, ఎనిమిది పట్టాయి. మిర్చి నీళ్ళు, యాపిల్ నీళ్ళు పిండి పిండి తీసి, ఇక్కడ మాత్రం స్పూనూ స్పూనూ లెక్కపెట్టి పోస్తున్నా. పైన క్రస్ట్ బదులు మైదా, బ్రౌన్ షుగర్, వెన్న కలిపి పొడిపొడిగా చేసి, పిన్యోన్ అనే పైన్ చెట్టు గింజలు చల్లా. ఆ చెట్టే ఈ రాష్ట్ర వృక్షం, గింజ చిన్నదే కానీ కొరికితే వెన్నలా ఉంటుంది.

ఓవెన్‌లో 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు, తర్వాత 375 కి తగ్గించి ఇంకో యాభై. నలభై దాటాక అంచుల దగ్గర రసం పైకి రావడం మొదలైంది, ముందు పల్చగా గబగబా బుడగలు, తర్వాత అవే చిక్కగా ఒక్కొక్కటీ నిదానంగా ఉబ్బి పగులుతున్నాయి. అలా పగిలేదాకా తియ్యకూడదు, పైన రంగు చూసి మోసపోయి తీసేస్తే లోపల రసం పల్చగానే ఉండిపోతుంది.

ఆ తర్వాత నాలుగు గంటలు ఆగడం కష్టమైంది, ఇల్లంతా ఆ వాసనే. మావారు రెండుసార్లు కిచెన్‌లోకి వచ్చి "ఇంకా ఆరలేదా?" అని ప్లేటు కింద చెయ్యి పెట్టి చూసి వెళ్ళారు. వేడి మీద కోస్తే రసం అంతా జారిపోతుందని నేను ససేమిరా అన్నా.

సాయంత్రం కోశా. కత్తి దిగుతుంటే అడుగున కరకరమని చప్పుడు వచ్చింది, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది నిజంగా. ముక్క తీస్తే ముక్కలాగే వచ్చింది, కింద రసం ఒక్క చుక్క కారలేదు. మా అమ్మాయి తిని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వెనకాల నుంచి వస్తోంది అమ్మా కారం" అంది, ఇంకో ముక్క పెట్టుకుంది. పక్కింటావిడకి పెద్ద ముక్క తీసుకెళ్ళి ఇస్తే గుమ్మంలోనే నిలబడి ముందు అడుగు తిప్పి చూసింది, వేలితో తట్టింది, తలూపి లోపలికి రమ్మంది.