చివరి అంకె తేడా

ఉద్యోగంలో చేరిన మూడో వారం. బిల్లులు వేసే ప్రోగ్రామ్‌లో మొత్తం దగ్గర అప్పుడప్పుడు చివరి అంకె తేడా వస్తోంది, చూడమని నాకు అప్పజెప్పారు. చిన్న పనే కదా అనుకున్నా. రెండు రోజులు పట్టింది.

లూపులన్నీ తిరగేశా. డేటాబేస్‌ని అనుమానించా. ఆ కోడ్ రాసినవాళ్లని మనసులో బాగా తిట్టుకున్నా (తీరా చూస్తే అది నాకు పని నేర్పిస్తున్న సీనియర్‌దే). చివరికి విసుగొచ్చి 0.1కి 0.2 కలిపి ప్రింట్ చేశా. స్క్రీన్ మీద 0.30000000000000004 అని వచ్చింది. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నా.

ఒకటిని మూడుతో భాగిస్తే 0.333 అంటూ ఎక్కడా ఆగదు కదా, కంప్యూటర్ వాడే బైనరీలో, అంటే సున్నా, ఒకటి మాత్రమే ఉండే లెక్కలో, 0.1 పరిస్థితీ అంతే. ఎంత రాసినా పూర్తికాదు. కాబట్టి ఎక్కడో ఒకచోట కత్తిరించి 64 బిట్లలో ఇరికిస్తారు. ఆ కత్తిరింపులే కూడికల్లో పోగుపడి చివరికి బిల్లులో తేలాయి. ఇలాంటి సంఖ్యల్ని కంప్యూటర్లో ఎలా దాచాలో చెప్పే ఐఈఈఈ 754 అనే ప్రమాణం 1985లోనే వచ్చింది. నేను కాలేజీలో చదివా, పరీక్షలో రాశా, మార్కులు కూడా బాగానే పడ్డాయి. అదే సంగతి బగ్గు రూపంలో ఎదురుగా నిలబడితే మాత్రం పోల్చుకోలేకపోయా!

డబ్బు లెక్కలన్నీ డెసిమల్ టైపుకి (మనలాగే పదుల లెక్కలో అంకెలు దాచుకునే పద్ధతి) మార్చాక తేడా పోయింది. మొత్తం మార్చింది పదకొండు లైన్లు. సీనియర్‌కి చూపిస్తే నవ్వేసి, "అయ్యో, ఇది నేను రాసిందేనా?" అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, రెండు రోజుల నుంచి అంత టెన్షన్‌గా ఏం చేస్తున్నావని.

"కూడికలు" అన్నా.