ఐసు ఖాతా: నేను మొదటిసారి రిక్వైర్‌మెంట్స్ రాసిన వైనం

ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నాను గానీ, రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో చెప్పే పత్రం, ఎప్పుడూ ఇంకెవరో రాసిచ్చేవారు. పోయిన ఏడాది ఋషికొండలోని మా చిన్న కంపెనీకి ఫిషింగ్ హార్బర్ నుంచి పని వచ్చింది. బోట్లకి ఐసు అరువిచ్చే ఒక పెద్దాయనకి ఖాతా పుస్తకాల బదులు యాప్ కావాలట. "డాక్యుమెంట్ నువ్వే రాయి" అనేసింది మా మేనేజర్.

అలాంటి డాక్యుమెంట్ ఎలా రాయాలో చెప్పే ఐట్రిపులీ 830 అనే ప్రమాణం నమూనా ఒకటి దొరకబుచ్చుకున్నాను. అది 1998 నాటిదనీ, 2011లోనే దాని స్థానంలో 29148 అనే ప్రమాణం వచ్చేసిందనీ అప్పటికి తెలీదు. ప్రతి శీర్షిక కిందా ఏదో ఒకటి నింపితే 38 పేజీలైంది. మురిసిపోయాను కూడా. తీరా చూస్తే "బిల్లు త్వరగా రావాలి", "వాడటానికి తేలికగా ఉండాలి" లాంటి మాటలే. టెస్టింగ్ చూసే అమ్మాయి ప్రతిదాని పక్కనా ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి పంపింది.

పెద్దాయనకి చదివి వినిపించాను. 30 రోజులు కొనుగోలు లేని ఖాతా దానంతటదే మూతపడుతుంది అన్నచోట ఆపారు.

"ఏటి బాబూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదేటి? 61 రోజులు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. నా ఖాతాలన్నీ మూసేస్తావా?"

విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి. సిగ్గేసింది.

మర్నాడు తెల్లవారుజామునే హార్బర్‌కి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఐసు తీసుకెళ్లేది బోటు నడిపే సరంగు, బాకీ కట్టేది బోటు యజమాని. నా స్క్రీన్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే పేరు. సగం ఐసు దిమ్మ కూడా ఇస్తున్నారు, నేనేమో పూర్ణసంఖ్యలే పెట్టాను. అన్నిటికన్నా ఆ పుస్తకం చూడాలి: తడి చేతుల మరకలు, పేజీలన్నీ పెన్సిల్ రాతే. పెన్ను ఎందుకు వాడరంటే, తడికి ఇంకు పాకుతుందట. పైగా బోటు తిరిగొచ్చాక లెక్క మాట్లాడుకుని దిద్దుకుంటారు. అంటే బిల్లు దిద్దే వీలుండాలి, పాత అంకె కూడా కనబడాలి. ఇంత ముఖ్యమైన అవసరం నా 38 పేజీల్లో ఎక్కడా లేదు.

ఈసారి ఆరు పేజీలు రాశాను. అవసరానికో నంబరు, ఒక్క వాక్యం, దాని కింద అది తీరిందని ఎలా తేల్చాలో. "త్వరగా" పోయి "బోటు నంబరు కొట్టిన 3 సెకన్లలో పాత బాకీ కనబడాలి" వచ్చింది. తప్పనిసరి, ఉంటే మంచిది, ఈసారి వద్దు అని మూడు గుంపులు చేశాను. నన్నడిగితే మూడోదే ప్రాణం. వాళ్లబ్బాయి మధ్యలో చేపల ధరలు కూడా చూపించమంటే, గొడవ పడకుండా ఆ పేజీ తీసి చూపించాను.

సంతకం కోసం ప్రింట్ ఇచ్చాను. పెద్దాయన జేబులోంచి పెన్సిల్ తీసి, నాలుగో నంబరు పక్కన "పావు దిమ్మ కూడా" అని రాసి, అప్పుడు సంతకం చేశారు. అదీ పెన్సిల్‌తోనే.